జాలీకి కట్టిన మాట

ఉరుకుందు తారు డబ్బాతో వచ్చాడు.

రోడ్డు పనివాళ్లు వదిలేసి పోయిన డబ్బా అది. కిరసనాయిలు పోసి పుల్లతో కలిపి, చీపురు కట్టను కుంచెలాగా నరికి తెచ్చుకున్నాడు. డబ్బాను దర్గా అరుగు మీద పెట్టి, "తాతా, ఈరోజు తుడిచేస్తా" అన్నాడు.

జమాలప్ప తాత దీపానికి వత్తి చేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"దేన్నిరా?"

"ఆ మాటను."

ఏ మాటో తాతకు తెలుసు. దర్గాకూ కోర్టుకూ మధ్య ఒకటే గోడ. అరుగు మీద కూర్చుంటే కోర్టు గేటు, గేటు మీద కమాను, కమాను మీద నీలం అక్షరాలతో 'న్యాయస్థానము' అన్న మాట కనిపిస్తాయి. కళ్లు మూసుకుంటే తప్ప దాన్నుంచి తప్పించుకోవడం కుదరదు.

ఉరుకుందు రెండేళ్లు లా చదివాడు. సమ్మె చేశాడు. కాలేజీ వాళ్లు గెంటేస్తే వచ్చి ఈ దర్గాలో పడ్డాడు. పొద్దున్నే ఊడుస్తాడు, నీళ్లు తోడతాడు, తాతకు గంజి కాచి పెడతాడు, తక్కిన పొద్దంతా పుస్తకాలు చదువుతాడు. వచ్చిన కొత్తలో ఆ నీలం అక్షరాలను చూసి పొంగిపోయేవాడు. దర్గాకు వచ్చిన వాళ్లందరికీ ఆ మాటను చదివి వినిపించేవాడు. నమ్మినవాడు కాబట్టే ఇప్పుడు దాన్ని చూస్తే కడుపు మండుతోంది. నమ్మనివాడికి అంత మంట ఉండదు.

"ఈరోజు మారెప్ప కేసు ఉంది," అన్నాడు. "సాక్షి రాలేదని ఒకసారి, కాగితం రాలేదని ఒకసారి, జడ్జి సెలవని ఒకసారి. ఎవడో పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగితీగ కోసుకుపోయాడు. ఆ దారిన గొర్రెలు తోలుకుపోతున్న మారెప్పను పట్టుకొచ్చి లోపలేశారు. జామీను నిలబడే మనిషి లేడు కాబట్టి లోపలే ఉండిపోయాడు. నేరం రుజువు కానేలేదు, శిక్ష మాత్రం అయిపోవచ్చింది. దాన్ని న్యాయస్థానం అనాలా తాతా? అది పీడకుల కోట. చట్టం వాళ్ల చేతిలో కొరడా. ఆ కోటను కూల్చలేకపోయినా దాని మీది అబద్ధాన్నయినా..."

"తుడిచి ఏం రాస్తావు?"

ఉరుకుందు డబ్బాలో పుల్ల తిప్పాడు. అంతవరకు ఆలోచించలేదు.

"పీడనస్థానం అని రాస్తా."

"ఎవరి మాటరా అది?"

"ప్రజల మాట."

"ప్రజలు అట్లంటారా?" తాత నిజంగానే అడిగాడు. వత్తి దీపంలో పెట్టి, నూనె చేతులు తలకు రాసుకున్నాడు. "నాకు చెవులు మందం. నువ్వు ఈ పొద్దు జాలీ కాడ కూర్చో. వచ్చే పోయేవాళ్లు దాన్ని ఏమంటారో విను. వాళ్లనేదే రాయి. మాపటేళకు నిచ్చెన నేనే పట్టుకుంటా."

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. గోడవతల కేసున్నవాళ్లు ముందు ఇక్కడికి వస్తారు. గోరీ గదికి గాలి కోసం పెట్టిన ఇనప జాలీ ముందు నిలబడి, ఎక్కడికి పోతున్నారో లోపలున్న సామికి వినబడేటట్టు చెప్తారు. ఆ మీద జాలీకి ఒక ముడి వేస్తారు. దారం ఉంటే దారం, లేకుంటే కొంగు చించిన పీలిక. న్యాయం జరిగిన రోజు మళ్లీ వచ్చి, వేసినవాళ్లే తమ చేత్తో ఆ ముడి విప్పుకోవాలి. వేరేవాళ్లు తాకకూడదు. ముడి వేసినవాళ్లు చచ్చిపోయినా తాకకూడదు.

ఆ జాలీకి ఇప్పుడు కన్నాలు లేవు. ఉన్నవన్నీ ముళ్లే. ఎండకు వెలిసిపోయి ఏ రంగో తెలియని పీలికల మీద కొత్త పీలికలు. లోపలికి గాలి పోదు, వెలుతురు పోదు. పట్టపగలు కూడా గోరీ దగ్గర దీపం పెట్టాల్సిందే. ఆ దీపమూ ఊపిరాడక పొగలు పోతూ ఉంటుంది. ఉరుసుకు సున్నం కొట్టేటప్పుడు ఉరుకుందు ఒకసారి కత్తెర పట్టుకొచ్చాడు. తాత ఆ కత్తెర తీసుకుని తన గడ్డం కత్తిరించుకుని, మళ్లీ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఉరుకుందు దాన్ని దాచేశాడు.

పొద్దెక్కేకొద్దీ జనం రావడం మొదలైంది. ఉరుకుందు జాలీ పక్కన గోడకానుకుని కూర్చున్నాడు.

మొదట ఒక రైతు వచ్చాడు. రుమాలు విప్పి చంకలో పెట్టుకుని, "సామీ, కచేరికి పోతాండా. మా చిన్నాయన పొలం గెట్టు జరిపినాడు. నా పక్కన నిలబడు" అన్నాడు.

"కచేరి ఎక్కడిది పెద్దాయనా? నవాబులతోనే పోయింది కదా," అన్నాడు ఉరుకుందు.

"పేరు పోతే పోయిందిలేప్పా. కొట్లాట పోలేదు గదా. మా నాయన కచేరి అన్నాడు, నేనూ అంటాండా. మా నాయన కేసే ఇది."

తర్వాత ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, అక్కాచెల్లెళ్లు. చెల్లెలిని మొగుడు వదిలేశాడు. ముడి వేసేది చెల్లెలు, మాట్లాడేది అక్క. "సామీ, కోర్టుకు పోతాండాము. వాడు ఈరోజన్నా వచ్చేటట్టు చెయ్యి. వస్తే వాని మొగం మీద..." చెల్లెలు అక్క నోరు మూసింది. "సామి ముందర ఏం మాటలే అవి?" "సామికి తెలీదా ఏం వాని సంగతి!" ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. గేటు దగ్గరికి వెళ్లేసరికి నవ్వు లేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ కమాను కింద చెప్పులు విడిచి, చేత పట్టుకుని లోపలికి పోవడం ఉరుకుందు చూశాడు.

కాసేపటికి ఒక ముసలి బీబీ వచ్చింది. "అదాలత్‌కు పోతున్నా బాబా," అంది. అంతే అంది.

"కోర్టు అనరా అమ్మీ?"

"కోర్టు అంటే పోలీసోడు గుర్తొస్తాడు బేటా. అదాలత్ అంటే మా అబ్బాజాన్ గొంతు గుర్తొస్తుంది."

ఎక్కువమంది మాత్రం ఇవేవీ అనలేదు. "వాయిదాకు పోతాండా" అన్నారు. ట్రాక్టరు నడిపేవాడు అదే అన్నాడు, బాలింత అదే అంది, కర్ర సాయంతో వచ్చిన మాజీ సర్పంచీ అదే అన్నాడు. ఉరుకుందు ఉండబట్టలేక ట్రాక్టరువాడిని పట్టుకున్నాడు.

"అన్నా, వాయిదా అంటే ఏంది? ఈరోజు కాదు పొమ్మనడం. ఈరోజు కాదనిపించుకోవడానికి పోతాండావా?"

"ఆడ ఇచ్చేది అదే గదబ్బా," అన్నాడు ట్రాక్టరువాడు. "రేషనంగట్లో బియ్యమిస్తారు, బియ్యానికి పోతాండా అంటాం. ఈడ వాయిదా ఇస్తారు. వాయిదాకు పోతాండా అంటాం." ముడి గట్టిగా బిగించి, "పోకుంటే వారెంటు ఇస్తారు. అది అడక్కుండానే ఇస్తారు" అని నవ్వాడు.

ఉరుకుందుకు ఒళ్లు పులకరించింది. ఇదే మాట, అనుకున్నాడు. పీడనస్థానం కాదు. వాయిదా. కమాను మీద అంతెత్తున నల్లగా 'వాయిదా' అని రాస్తే చదివిన ప్రతివాడూ తెల్లబోతాడు. ప్రజలే రాసుకున్న మాట. చరిత్ర నిర్మాతలు ప్రజలే. లేచి తాత దగ్గరికి పోయి చెప్పబోయాడు.

అప్పుడు సుంకమ్మ వచ్చింది.

మారెప్ప తల్లి ఆమె. ఆకుపచ్చ చీర, నెత్తిన ముసుగు, చేతిలో గుడ్డలో కట్టిన రెండు రొట్టెలు. వాయిదా ఉన్నప్పుడల్లా కొడుకు కోసం తెస్తుంది. పోలీసులు ఒప్పుకుంటే తినిపిస్తుంది, లేకుంటే వెనక్కి తీసుకుపోతుంది. జాలీలో తన ముడి ఎక్కడుందో ఆమెకు తెలుసు. పోయినేడు ఈ చీర కొంగే చించి కట్టిన పీలిక. మళ్లీ కట్టే పని లేదు. ఊరికే దాని మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఒక్కొక్క అక్షరం కూడగట్టుకుని చెప్పింది.

"సామీ, న్యా...య...స్థానానికి పోతాండా."

తాత దగ్గరికి పోతున్న ఉరుకుందు వెనక్కి తిరిగాడు.

పొద్దున్నుంచి ఎవరి నోటా రాని మాట అది. ఆమె నోటికి అది పుట్టుకతో వచ్చిన మాట కాదు. అతను నేర్పిన మాట. పోయినేడు ఆమె ఇక్కడే ఈ జాలీ ముందు నిలబడి, "సామీ, కచేరికి పోతాండా, కాళ్లు వణుకుతాండాయి" అన్నప్పుడు ఉరుకుందు అడ్డం వచ్చాడు. "కచేరి అనొద్దమ్మా. అది దొరల మాట, దొరల ముందు చేతులు కట్టుకునే మాట. పైన ఏం రాసిందో చూడు. న్యాయస్థానం. అంటే న్యాయం ఉండే చోటు. అది నీది. నీ పన్నుతో కట్టింది. తలెత్తుకుని పో" అన్నాడు. ఆమెకు నోరు తిరగలేదు. అతను వదల్లేదు. అరుగు మీద కూర్చోబెట్టి పలికించాడు. పలికేదాకా పలికించాడు. ముడి వేయించాడు.

ఆ రోజే ప్లీడరు ఆమెతో చెప్పి ఉన్నాడు. "మీవాడు చేశానని ఒప్పుకుంటే సరి. లోపలున్న కాలం శిక్షలో పట్టుకుంటారు. చిన్న కేసు. త్వరలో ఇంటికొస్తాడు." ఉరుకుందు మండిపడ్డాడు. చెయ్యని నేరం ఒప్పుకోవడమా? న్యాయస్థానంలోనా? సుంకమ్మ ఆ మాటను పట్టుకుని పోయి జైలు కిటికీ దగ్గర కొడుకుకు చెప్పింది. ఒప్పుకోవద్దు నాయనా, అది న్యాయం ఉండే చోటంట. మారెప్ప ఒప్పుకోలేదు. ఏడాది గడిచింది.

"నాయనా," అంది సుంకమ్మ అతన్ని చూసి. "ఈరోజన్నా తెగుతుందా?"

ఉరుకుందు చెప్పులు తొడుక్కున్నాడు.

"నేనూ వస్తానమ్మా," అన్నాడు.

"జాలీ కాడే కూర్చో," అన్నాడు తాత లోపలి నుంచి. చెవులు మందమన్నవాడు.

సుంకమ్మ పోయింది. చెప్పులతోనే, ముసుగు తీసి, తలెత్తుకుని గేటులోకి పోయింది. అట్లా పొమ్మని కూడా అతనే చెప్పాడు.

మధ్యాహ్నం దాటాక గోడవతల బంట్రోతు కేక వినిపించింది. "మారెప్పా! మారెప్పా! గొల్ల మారెప్పా!" మూడుసార్లు. తర్వాత ఏమీ వినపడలేదు. గోడ మందం. ఉరుకుందు చెయ్యి తనకు తెలియకుండానే ఆకుపచ్చ పీలిక దగ్గరికి పోయి, తాకకుండా ఆగింది.

పొద్దు వాలే వేళకు ఇద్దరు మనుషులు దర్గాలోకి వచ్చారు. సుంకమ్మ వెనక ఒక చిక్కిపోయిన మనిషి. మారెప్ప చేతులకు గొలుసు లేదు. ఐనా ఉన్నట్టే, రెండు చేతులూ దగ్గరగా పెట్టుకుని నడుస్తున్నాడు.

ఉరుకుందు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వదిలేశారా! అమ్మా, గెలిచాం! చూశావా, సత్యాన్ని ఎంతకాలం..."

"ఒప్పుకున్నా," అన్నాడు మారెప్ప.

"ఏంది?"

"చేసినావా అని అడిగినారు. చేసినా అన్నా." అతను అరుగు అంచున కూర్చుని, తల్లి విప్పిన రొట్టె తుంచాడు. "ప్లీడరు చెప్పినట్టే. లోపలున్నది చాలు, పొమ్మన్నారు. లేదు లేదు అంటే ఏడాది పట్టింది. అవునంటే, జడ్జి పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేంతసేపు పట్టింది."

"చెయ్యలేదు కదా నువ్వు!"

"చెయ్యలే."

"మరి ఎందుకు..."

మారెప్ప అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"నువ్వు ఎప్పుడన్నా లోపల పండుకున్నావాన్నా?" అన్నాడు. రొట్టె నమిలి మింగాక, "ఇంకమీద ఏ ఊర్లో తీగ పోయినా మా ఇంటికే వస్తారు. రానీ. దొంగ ఇల్లు తెలిస్తే ఎతికే పని లేదు గదా" అన్నాడు.

ఉరుకుందు చివరికి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "అమ్మా, కేసు తెగింది. ముడి విప్పుకో."

సుంకమ్మ జాలీ దగ్గరికి పోయింది. పీలికను వేళ్లతో పట్టుకుంది. ముడి వదులుగానే ఉంది, లాగితే వచ్చేస్తుంది. చాలాసేపు అట్లాగే పట్టుకుని, వదిలేసింది.

"ఏమని విప్పేది నాయనా? కొడుకు వచ్చినాడు. దొంగై వచ్చినాడు. దీనికా నేను ముడి కట్టింది?"

ఆమె ముసుగు మళ్లీ వేసుకుంది. కొడుకును లేపింది. రెండడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి ఉరుకుందు ముందు నిలబడింది.

"నువ్వు నేర్పిన ఆ మాట. అది నువ్వే పెట్టుకో నాయనా. నాకు మొదట్నుంచీ నోరు తిరగలే."

నిష్టూరంగా అనలేదు. అరువు తెచ్చుకున్న చేట తిరిగిచ్చేసినట్టు అంది.

వాళ్లు పోయాక ఉరుకుందు జాలీ కింద కూలబడ్డాడు. కోర్టు ఖాళీ అయింది. తలుపులు మూసిన చప్పుడు ఒక్కొక్కటే వినిపించి ఆగిపోయింది. అప్పుడు తాత ఉరుసుకు సున్నం కొట్టే నిచ్చెనను ఈడ్చుకుంటూ బయటికి వచ్చాడు.

"లెయ్. మాటిచ్చినా గదా. డబ్బా తీసుకో."

"ఇప్పుడు వద్దు తాతా."

"ఇప్పుడే."

గేటు దగ్గర వాచ్‌మన్ ఖాజా బీడీ కాలుస్తున్నాడు. "ఏంది తాతా, నిచ్చెన ఇట్లా తెచ్చినావు?"

"మావాడు పైన తుడుస్తాడంట."

"తుడవనీ, తుడవనీ. అంతా పావురాల రెట్ట. చెప్పీ చెప్పీ నా నోరు పోయింది, పట్టించుకున్నోడు లేడు." ఖాజా లేచి నిచ్చెనకు ఒక చెయ్యి వేశాడు కూడా.

తాత నిచ్చెనను కమానుకు ఆనించి పట్టుకున్నాడు. "ఎక్కు."

ఉరుకుందు ఎక్కాడు. ఇన్నాళ్లూ కింద నుంచి చూసిన అక్షరాలు దగ్గరికి వచ్చేసరికి అక్షరాల్లాగే లేవు. పెచ్చులు లేచిన నీలం రంగు. 'న్యా' మీద ఒక పెచ్చు గాలికి కొట్టుకుంటోంది. గోటితో తాకితే ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద నల్లరంగు కనిపించింది. పక్కన ఇంకొంచెం గీకాడు. నల్లటి వంపు, దాని పక్కన ఇంకో వంపు.

"ఏముందిరా పైన?" కింద నుంచి తాత అడిగాడు.

"కింద ఇంకో మాట ఉంది తాతా. కచేరి అని ఉంది."

"దాని కింద?"

ఉరుకుందు గీకాడు. నల్లరంగు పొడిగా రాలింది. ఎర్రగా ఏవో గీతలు తేలాయి, తనకు చదవడం రాని అక్షరాలు.

"ఇంకేదో ఉంది. చదవలేను."

"గోడ కనిపించిందా?"

ఉరుకుందు గోరు విరిగేదాకా గీకాడు. ఎరుపు కింద సున్నం, సున్నం కింద మళ్లీ ఏదో పచ్చటి మరక.

"ఇంకా లేదు."

"సరే. నీ డబ్బా తియ్. నీదీ ఒకటి వెయ్యి," అన్నాడు తాత. "నేను పట్టుకునే ఉన్నా."

చీపురు కుంచె తారులో మునిగి ఉంది. ఉరుకుందు దాన్ని పైకి తీశాడు. నల్లటి చుక్క ఒకటి సాగి సాగి, కింద అక్కాచెల్లెళ్లు చెప్పులు విడిచిన చోట పడింది. ఇంకో చుక్క పడింది. చెయ్యి పైకి లేవలేదు. చీకటి పడుతోంది. పావురాలు కమానులోకి తిరిగొచ్చి, మనిషిని చూసి బెదిరి, మళ్లీ లేచిపోయాయి.

అతను దిగాడు.

"ఏం, తుడవలేదే?" అన్నాడు ఖాజా నిరాశగా.

నిచ్చెన ముందు కొసను తాత, వెనక కొసను ఉరుకుందు పట్టుకుని దర్గాలోకి తిరిగొచ్చారు. నిచ్చెనను గోడకు పెట్టాక ఉరుకుందు జాలీ ముందు నిలబడ్డాడు. వెలుతురు లేకున్నా ఆకుపచ్చ పీలిక ఎక్కడుందో ఇప్పుడు అతనికి తెలుసు.

"తాతా," అన్నాడు. "ఆమె ఇంక రాదు. న్యాయస్థానం అన్న మాట కూడా నాకే తిరిగిచ్చేసింది. ఈ ముడి ఇంకెందుకు? నేనే కదా కట్టించింది. నేను విప్పేస్తా."

తాత గదిలోకి పోయి, పొగలు పోతున్న దీపం వత్తిని పైకి ఎగదోశాడు. ముళ్ల సందుల్లోంచి ఎక్కడో ఒక్కచోట సూదిమొనంత వెలుగు బయటికి వచ్చింది.

"నీకు తిరిగిచ్చింది మాటరా," అన్నాడు లోపలి నుంచి. "ముడి కాదు."